పాసులో పేరు లేని కూతురు

ఖరగ్‌పూర్ తెలుగు ఇళ్లలో పాసు అంటే రైలెక్కించే కాగితం మాత్రమే కాదు. ఎవరు ఆ ఇంటివారో, ఎవరు కారో చెప్పే కాగితం కూడా. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి పనికి వెళ్లినవారి మనుమలు, మునిమనుమలు నేడు అక్కడ స్థిరపడి ఉన్నారు. 2020 డిసెంబరులో, శాసనసభ ఎన్నికల ముంగిట, పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చింది. ఓట్ల లెక్కలో ఆ కుటుంబాలను గుర్తించడం రాజకీయ పక్షాలకు కష్టం కాలేదు. ఆసుపత్రి లెక్కలో కుటుంబం వేరు.

రైల్వే వైద్య నిబంధనలలో ఉద్యోగి జీవిత భాగస్వామి, ఆధారపడిన పిల్లలు కుటుంబం. పెళ్లయిన కూతురు కాదు. వితంతువై గాని, విడాకులు పొంది గాని పుట్టింటిపై ఆధారపడితే మళ్లీ కుటుంబమే. ‘ఆడపిల్ల ఆడ పిల్లే గాని ఈడ పిల్ల కాదు’ అనే నానుడిని సర్క్యులరుగా రాస్తే ఇలాగే ఉంటుంది. ఖర్చు భరించే సంస్థ ఎక్కడో ఒక గీత గీయక తప్పదు, నిజమే. కానీ రొమ్ము క్యాన్సర్లలో సుమారు 5 నుంచి 10 శాతం ఆ గీతను ఎరగవు. అవి వంశపారంపర్యంగా వచ్చేవి.

1990లో మేరీ క్లెయిర్ కింగ్ బృందం 17వ క్రోమోజోముపై ఒక జన్యువు జాడ పట్టింది. 1994లో బీఆర్‌సీఏ1, మరుసటి ఏడాది బీఆర్‌సీఏ2 బయటపడ్డాయి. తెగిన డీఎన్ఏను అతికించడం ఈ జన్యువుల పని. పట్టా విరిగిన చోటికి వెళ్లే గ్యాంగ్‌మన్ల పని వంటిదే. ఆ జన్యువులో హానికరమైన మార్పుతో పుట్టిన స్త్రీకి జీవితకాలంలో రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం 60 శాతానికి పైమాటే. అండాశయ క్యాన్సర్ ముప్పు కూడా పెరుగుతుంది. చికిత్స సైతం దీనిపై ఆధారపడుతుంది. ఒక మరమ్మతు దారి ముందే చెడిన క్యాన్సర్ కణంలో మరో దారిని కూడా మూసివేసే ఒలాపరిబ్ మాత్రకు అమెరికాలో 2018లో రొమ్ము క్యాన్సర్‌కు అనుమతి లభించింది.

ఆ మార్పు తల్లి నుంచే కాదు, తండ్రి నుంచి కూడా సగానికి సగం అవకాశంతో సంక్రమిస్తుంది. కాబట్టి మేనత్త జబ్బు మేనకోడలికి పరాయి సంగతి కాదు. తండ్రికి ఏ జబ్బూ లేకపోవచ్చు. ఆయన మోసుకువచ్చినది కూతురిలో బయటపడవచ్చు. పెళ్లిచూపుల్లో ఇంటిపేరు, గోత్రం, మేనరికం దాకా ఆరా తీసే సమాజంలో మేనత్త ఏ జబ్బుతో పోయిందో చెప్పకుండా దాచడం మర్యాదగా చెల్లుతోంది. కూతుళ్లకు సంబంధాలు కుదరవన్న భయం అందుకు ఒక కారణం. ఆ భయాన్ని అజ్ఞానమని కొట్టిపారేయడం నగరవాసుల సుఖం.

కులంలోనే పెళ్లిళ్లు జరిగే మన దేశంలో ఈ వెతుకులాట మరింత అవసరం. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న 2017 నాటి అధ్యయనం దక్షిణాసియాలో 81 సమూహాలు కొద్దిమంది పూర్వీకుల నుంచే విస్తరించాయని, ఆ ముద్ర అష్కెనాజీ యూదులలో కన్నా బలంగా ఉందని తేల్చింది. ఆ యూదులలో మూడు బీఆర్‌సీఏ మార్పులే సుమారు 40 మందిలో ఒకరిలో కనిపిస్తాయి. అక్కడ దేనికోసం వెతకాలో వైద్యులకు ముందే తెలుసు. మన సమూహాలలో చాలావాటికి అటువంటి జాబితా ఇంకా తయారు కావలసి ఉంది.

మధురాకాఠీలో ఉండే ఒక రైల్వే ఉద్యోగి భార్యను ఊహించండి. రిఫరల్ మీద కలకత్తాలో చికిత్స జరిగి, ఆమెలో ఈ మార్పు ఉన్నట్టు తేలింది. ఆమె కూతురు పెళ్లయి విజయనగరంలో ఉంది, చెల్లెలు పలాసలో. మార్పు ఏదో తెలిసిపోయింది గనుక వారికి జన్యువంతా చదవనక్కరలేదు. ఆ ఒక్కచోటు చూస్తే చాలు, ఖర్చూ బాగా తగ్గుతుంది. ఉందని తేలితే చిన్న వయసు నుంచే ఎమ్మారై పరీక్షలు, పిల్లలు పుట్టాక అండాశయాలు తీయించుకునే వీలు ఉంటాయి. లేదని తేలితే ఆ బెంగ తీరుతుంది.

ఇందుకు రైల్వే బోర్డు కుటుంబ నిర్వచనాన్ని తిరగరాయనక్కరలేదు. రోగి చేతికి రిపోర్టుతో పాటు రక్తసంబంధీకుల కోసం ఒక ఉత్తరం, మార్పు పేరుతో సహా, ఇస్తే చాలు. దానితో కూతురు విశాఖ కేజీహెచ్‌కో, మరో ఆసుపత్రికో వెళ్లగలదు. తెలుగుకు హోదా ఇచ్చింది రాష్ట్రం, ఉత్తరం ఇవ్వవలసింది కేంద్రం కింది రైల్వే. అయినా అది తెలుగులోనూ ఉంటే ఆ తల్లి ఎవరి సాయమూ లేకుండా చదివి, ఫోనులో కూతురికి వినిపించగలదు.