టాకీసు షేరు కాగితం కోసం

బిచ్కుందలో తెల్లారకముందే బస్సెక్కాను. మాది మూడు రాష్ట్రాల అంచు. బస్టాండులో తెలుగు, మరాఠీ, కన్నడ కలిసే వినిపిస్తాయి. పిట్లం దగ్గర హైవే ఎక్కితే పెద్దశంకరంపేట, జోగిపేట, సంగారెడ్డి మీదుగా హైదరాబాదు. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారాలు పరిచే పాత పుస్తకాల బజారుకు నా ప్రయాణం. సినిమా కంపెనీల పాత షేరు సర్టిఫికెట్లంటే నాకు పిచ్చి.

"పాత షేరు కాగితాలున్నయా అన్నా? సినిమా కంపెనీలవి."

"పాటల పుస్తకాలున్నయ్ సార్. షేరు కాగితాలు ఎవరు దాస్తరు? తూకానికి పోతయి."

అవి దొరక్కపోవడానికి ఇంకో కారణమూ ఉంది. మన ఊళ్ల టాకీసులు ఎక్కువగా ఒక కుటుంబానివో, నలుగురు భాగస్తులవో. జనానికి షేర్లమ్మిన కంపెనీలు అరుదు, అయినా లేకపోలేదు. కలకత్తాలో 1902లో డేరా వేసి బొమ్మలాడించిన జె.ఎఫ్. మదన్, 1919లో మదన్ థియేటర్స్ లిమిటెడ్ పెట్టాడు. 1920ల చివరికి దాని కింద వందకు పైగా హాళ్లున్నాయి. 1934లో హిమాంశు రాయ్, దేవికారాణి బాంబే టాకీస్ స్టూడియోను కూడా లిమిటెడ్ కంపెనీగానే నిలబెట్టారు.

ఆ బాంబే టాకీస్ షేరొకటి కోఠీలో ఒక పెద్దాయన ఫైల్లో కనబడింది. షేర్ల వరుస నంబర్లు, డైరెక్టర్ల సంతకాలు, కంపెనీ ముద్ర చూస్తుంటే, "వెనక్కి తిప్పు బాబూ, కథంతా అక్కడుంటది" అన్నారు. షేరు ఏ తేదీన ఎవరి చేతికి మారిందో రాసేది అక్కడే. నిజాం రాజ్యపు కంపెనీలదైతే విలువ హాలీ సిక్కాల్లో, అంటే నిజాం రూపాయల్లో, ఉంటుందట. అప్పట్లో ఏడు హాలీలు దాదాపు ఆరు ఇంగ్లీషు రూపాయలు. అమ్ముతారా అని అడిగితే నవ్వి ఫైలు మూసేశారు. ఆ రాత్రి ఖాళీ సంచితోనే బిచ్కుంద చేరాను.

ఇప్పుడు మల్టీప్లెక్స్ కంపెనీల షేర్లు డీమ్యాట్ ఖాతాలో అంకెలే. లిస్టెడ్ కంపెనీల కాగితపు షేర్ల బదిలీని సెబీ 2019 ఏప్రిల్ 1 నుంచి ఆపించింది. తాతల పెట్టెలో అలాంటి కాగితం దొరికితే తూకానికి వేయకండి. ముందు కంపెనీ బతికుందో లేదో చూడండి. వరుసగా ఏడేళ్లు డివిడెండు తీసుకోని షేర్లు కేంద్రం నడిపే ఐఈపీఎఫ్ నిధికి పోతాయి. వారసులు దరఖాస్తు చేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. కంపెనీ ఎప్పుడో మూతపడి ఉంటే, ఆ కాగితం మాలాంటివాళ్లకు చూపించండి.