మూసిన గవాక్షము

ప్రతి సంవత్సరమును ఎనిమిదవ తరగతివారికి మేమొక ప్రయోగము చూపుచుందుము. వెలుగుచున్న క్రొవ్వువత్తిమీద గాజుపాత్రను బోర్లించుదుము. కొలది క్షణములలో దీపము సన్నగిల్లి ఆరిపోవును. మండుటకు ప్రాణవాయువు వలయునని బాలబాలికలు ఏకకంఠముగ చెప్పుదురు. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మేమును ఈ ప్రయోగమునే నేర్చితిమి, ఇరువదేండ్లుగా నేర్పుచున్నాము. ఇంత నేర్చియు, మా యింటిలో మేమే యట్టి గాజుపాత్ర నొకదానిని బోర్లించితిమని చెప్పుకొనుటకు సిగ్గగుచున్నది. అయినను విద్యార్థుల యిండ్లలో పెక్కింట గ్యాసు గీజరు లుండుటచే చెప్పక తప్పదు.

మా స్నానపు గది చిన్నది. పొడవు ఆరడుగులు, వెడల్పు నాలుగడుగులు. అందులోనే గోడకు గీజరు బిగింపబడియుండెను. పైన జానెడు గవాక్షమొకటి కలదు. 2022వ సంవత్సరము క్రిస్మసు దినములలో బంధువులు వచ్చిరి. చలిగాలి కొట్టుచున్నదని మా తల్లిగారనగా, మేమే నిచ్చెన వేసికొని గవాక్షమునకు అట్టముక్క బిగించితిమి. మరునాటి యుదయమున ఏడుగురు ఒకరివెంట నొకరు స్నానము చేసిరి. కడపట పోయినది మా కుమార్తె. నీళ్ల చప్పుడు వినబడుచునే యున్నది గాని, పిలిచిన పలుకదాయెను. గడియ విరుగగొట్టి చూడగా, గోడకు జేరబడి స్పృహలేక పడియుండెను.

గ్యాసు కట్టివేసి బిడ్డను ఆరుబయటికి మోసికొనివచ్చితిమి. కొంతసేపటికి కన్నులు తెరచి, “నాన్నగారూ, తల పగిలిపోవుచున్నది” అని వాంతి చేసికొనెను. పొరుగువారు తెచ్చిన ఆక్సీమీటరును వ్రేలికి పెట్టగా 98 చూపెను. అది చూచి, నీరసము కాబోలు, ఆసుపత్రి యెందుకని మేమంటిమి. మా యింటావిడ వినలేదు. ఆమె పట్టుదలయే బిడ్డను దక్కించినది. ఆసుపత్రిలో ముఖమునకు మాస్కు తగిలించి ప్రాణవాయువు నిచ్చిరి. గీజరు మాట వైద్యులు తామే యడిగిరి. ప్రాణవాయువుతో గూడిన రక్తమునకును, కార్బన్ మోనాక్సైడుతో గూడిన రక్తమునకును ఆ వ్రేలి యంత్రము భేదమెరుగదని వారు చెప్పువరకు మాకు తెలియదు.

గాలి చాలినపుడు గ్యాసు మండి బొగ్గుపులుసుగాలియు నీటియావిరియు నగును. చాలనపుడు కార్బన్ మోనాక్సైడు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తమునందలి హీమోగ్లోబిను ప్రాణవాయువునకంటె దీనిని 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకొనును. వంటగ్యాసున దుర్వాసన కలుపుదురు గదా, ముక్కు హెచ్చరింపదా యని మేము నమ్మియుంటిమి. ఆ వాసన మండని గ్యాసునకే గాని, మండిన తరువాత పుట్టు విషమునకు గాదు. 1868లో లండనునందు బెంజమిన్ మాన్ అనునతడు చేసిన గీజరునకు పొగగొట్టము లేకుండెను. మన యిండ్లలోని చిన్న గీజరులలో పెక్కింటికి నేటికిని లేదు.

తరువాత పనివానిని పిలిపించితిమి. మూడేండ్లుగా దాని మూత విప్పి చూచినవారు లేరు. బర్నరు రంధ్రములలో ధూళియు సాలెగూడును, పైనున్న రాగి రేకుల నడుమ మసియు నుండెను. నీలముగ నుండవలసిన మంట పసుపుపచ్చగా లేచుచుండెడిది. ఆ రంగును మేము దినదినమును చూచుచునే యుంటిమి. అందముగ నున్నదనియు అనుకొంటిమి.

ఇప్పుడు గీజరు పెరటి వసారాలో నున్నది; వేడినీటి గొట్టము మాత్రమే లోనికి వచ్చును. ఏట నొకసారి బర్నరును శుభ్రము చేయింతుము. రబ్బరు గొట్టమును 5 సంవత్సరముల కొకమారు మార్తుము. అతుకులకు సబ్బునురుగు పూసి బుడగలు లేచునేమో చూతుము. అగ్గిపుల్లతో చూచుట మహాప్రమాదము. గ్యాసు వాసన వచ్చినచో విద్యుత్తు మీటలను ముట్టక, రెగ్యులేటరు కట్టి, తలుపులు తెరచి, బయటికి పోయి 1906 సంఖ్యకు ఫోను చేయవలయును. గీజరును గదిలోనుండి తీయింపలేనివారు తలుపు తెరచియుంచి బక్కెట్టు నింపుకొని, గీజరు నార్పి, గాలి మారిన పిదపనే స్నానమునకు పోవలయును.

మా తల్లిగారు చలి యని ఇప్పటికిని సణుగుచుందురు. వారికి నీళ్లు మరికొంచెము వేడిగా తోడియిచ్చుచున్నాము. గవాక్షము మాత్రము తెరచియే యున్నది.