బ్యాటరీ మీద వైర్ల గుత్తి వద్దు!

కారు కొన్నాక ఇంట్లో మగవాళ్లకి దానికి ఏదో ఒకటి తగిలించాలనిపిస్తుంది. ఇంకో హారను, ఫాగ్ లైట్లు, సెల్‌ఫోన్ ఛార్జరు... అన్నిటి వైర్లూ చివరికి బ్యాటరీ మీదకే చేరతాయి. మా ఇంట్లోనూ అంతే. అందుకే బానెట్ ఎత్తినప్పుడల్లా నేనూ తొంగిచూస్తుంటాను.

"12 వోల్టులే కదా, షాకు కొట్టదులే" అంటారు. నిజమే. కానీ ఫ్యూజు లేని వైరు ఒరుసుకుని, తొడుగు పోయి రేకుకి తగిలిందంటే క్షణాల్లో ఎర్రగా కాలిపోతుంది. మంటలు లేవడానికి అది చాలు. మన పిల్లలు కూర్చునే బండి అది!

కాబట్టి గుర్తుంచుకోండి. బ్యాటరీ ప్లస్ నుంచి వచ్చే ప్రతి వైరుకీ జానెడు దూరంలోపే ఫ్యూజు ఉండాలి. ఫ్యూజు కాపాడేది లైటుని కాదు, వైరుని. 55 వాట్ల లైట్లు రెండు పెడితే 110 వాట్లు. 12తో భాగిస్తే దాదాపు 9 ఆంపియర్లు. దానికి 15 ఆంపియర్ల ఫ్యూజు, అంతకన్నా ఎక్కువే తట్టుకునే లావు వైరు, ఒక రిలే పెట్టించండి. వైరు రేకు చిల్లులోంచి దూరేచోట రబ్బరు తొడుగు తప్పనిసరి. వస్తువులు మూడు నాలుగుంటే చిన్న ఫ్యూజు బాక్సు పెట్టించి, బ్యాటరీ నుంచి దానికి ఫ్యూజు ఉన్న లావు వైరు ఒక్కటే లాగమనండి. పని మొదలెట్టేముందు బ్యాటరీ మైనస్ విప్పాలి, అన్నీ అయ్యాక ఆఖర్న బిగించాలి.

గ్యాసు ట్యూబు పగిలిందేమోనని చూసుకునే కళ్లతోనే ఆ వైర్లనీ ఓసారి చూడండి. "ఫ్యూజు ఎక్కడ పెట్టావు బాబూ?" అని మెకానిక్‌ని అడగడానికి మొహమాటమెందుకు?