కుందేటికి కోట

పంచతంత్రములోని కుందేలు మిక్కిలి యుక్తి గలది. బలవంతమైన సింహమునకు నూతిలో దాని నీడనే చూపి, అడవిలోని మృగముల నెల్ల కాపాడినది. చంద్రునిలోని మచ్చయు కుందేలే యని భావించి మన పెద్దలు ఆయనను శశాంకు డనిరి. కాని కథలోని కుందేలు వేరు, పెరటిలోని కుందేలు వేరు. పెంపుడు కుందేటి జాతికి ప్రకృతి యిచ్చిన రక్షణలు ముఖ్యముగా మూడు: చిన్న చప్పుడునైనను వినగల చెవులు, వేగముగా పరుగిడు కాళ్లు, దాగుటకు నేలలో త్రవ్వుకొను బొరియ. దానిని తెచ్చి కంచెలో నుంచిన మనుష్యుడు చెవులను మాత్రము మిగిల్చి, పరుగును, బొరియను తీసివేయుచున్నాడు. ఇక దానికి అపాయము వినబడును గాని తప్పించుకొను దారి యుండదు. కావున తీసికొన్న దానికి బదులు రక్షణ నిచ్చుట పెంచువాని ధర్మము. కుందేళ్లకు దొడ్డి కట్టుట యనగా ఆ ఋణమును తీర్చుటయే.

ముందుగా ఒక భేదమును గుర్తింపవలెను. మన పొలములలో తిరుగు అడవి కుందేలును, ఇండ్లలో పెంచు తెల్ల కుందేలును ఒక జాతివి కావు. అడవి కుందేలు బొరియ త్రవ్వదు. గడ్డిదుబ్బుల చాటున పండుకొనును. దాని పిల్లలు ఒంటినిండ బొచ్చుతో, తెరచిన కన్నులతో పుట్టును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి దానిని పట్టుటయు, వేటాడుటయు నేరము. పెంపుడు కుందేళ్ల పూర్వులు స్పెయిను ప్రాంతమునకు చెందినవి. అవి బొరియలు త్రవ్వి గుంపులుగా జీవించును. వాని పిల్లలు బొచ్చు లేక, కన్నులు మూసికొని పుట్టును. దొడ్డి కట్టవలసినది వీనికే.

శ్రీకాకుళము జిల్లాలో వంశధారానది యొడ్డున శ్రీముఖలింగ మను గ్రామము కలదు. తూర్పు గాంగరాజుల తొలి రాజధాని యగు కళింగనగరము ఇదియే యని పెక్కుమంది చరిత్రకారుల మతము. అచ్చట వెలసిన మధుకేశ్వరునికి ఆ పేరు మధూకము, అనగా ఇప్పచెట్టు, వలన వచ్చినదని చెప్పుదురు. ఇట్టి నదీతీర గ్రామములో చెట్టునీడయు, పచ్చగడ్డియు గల పెరడును చూచిన పిల్లవానికి కుందేళ్లకు ఇంతకన్న మంచి చోటు లేదని తోచును. అతడు ఒకసారి కుందేటి యెత్తునకు వంగి, దాని కన్నులతో ఆ పెరడును చూడవలెను. గోడ ప్రక్క ముంగిస, గోడమీద పిల్లి, దడి సందులో పాము, వీధిలో కుక్క, ఆకాశమున గద్ద, రాత్రియందు గుడ్లగూబ! మనకు దిక్కులు నాలుగు; కుందేటికి పైనను క్రిందను కలిసి ఆరు. ఆరింటిని మూసినదే దొడ్డి.

రెండు కుందేళ్లకు పది అడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు, మూడడుగులకు తగ్గని యెత్తు గల ఆవరణము కావలెను. అప్పుడే అవి నాలుగు గంతులు వేయగలవు. వెనుకకాళ్లమీద నిలిచి చుట్టును చూడగలవు. కోళ్లగూటికి వాడు పలుచని వల కుందేటిని లోపల నుంచునే గాని కుక్కను వెలుపల నుంచజాలదు. తీగ కలిసిన చోటెల్ల వెల్డింగు చేసిన గట్టి ఇనుపజాలిని వాడవలెను. దాని కన్నులు అర అంగుళమునకు మించరాదు. మించినచో చిన్న పాములు దూరును. పైకప్పునకును ఆ జాలియే వేయవలెను. అడుగున గోడ చుట్టును రెండడుగుల వెడల్పున జాలిని నేలపై పరచి, మట్టితోను రాళ్లతోను కప్పినచో వెలుపలి జంతువు త్రవ్వుకొని రాలేదు. లోపలి వైపునను అట్లే పరచినచో కుందేలు త్రవ్వుకొని పోలేదు. తలుపునకు ఒక గడియ చాలదు, రెండు కావలెను.

ఒక్క సందు ఎంత పని చేయునో ఆస్ట్రేలియా చరిత్ర తెలుపుచున్నది. 1859లో థామస్ ఆస్టిన్ అను భూస్వామి వేట వినోదమునకై ఇంగ్లండునుండి కొద్ది కుందేళ్లను తెప్పించి అచ్చట విడిచెను. అవి లెక్కకు మించి పెరిగి పైరులను, పచ్చికలను నాశనము చేసెను. వానిని అడ్డుటకు పశ్చిమ ఆస్ట్రేలియాలో 1901 మొదలు 1907 వరకు కంచెలు కట్టిరి. వానిలో మొదటి కంచె పొడవే 1,800 కిలోమీటర్లకు పైబడినది. అయినను పని పూర్తికాక మునుపే కుందేళ్లు దానిని దాటిపోయెను. కంచె బలము దాని పొడవులో లేదు. దానిలోని మిక్కిలి బలహీనమైన చోట నున్నది.

మృగముల తరువాత ఎండవానల నుండి రక్షణ కావలెను. కుందేటికి మనవలె చెమట పట్టదు. ఒంటివేడిని ముఖ్యముగా చెవులలోని రక్తనాళముల ద్వారా పోగొట్టుకొనును. ఎండ 30 డిగ్రీలు దాటినచో దానికి కష్టము. మన వేసవి అంతకు మించును. కావున పడమటి వైపున నీడ యుండవలెను. జాలికప్పుపై తాటాకులు పరచి, ప్రక్కలకు తడిపిన గోనెపట్టాలు వ్రేలాడగట్టవలెను. తడినేల కుందేటి కాళ్లకు పుండ్లు తెచ్చును గనుక, పండుకొను పెట్టెను రెండడుగుల అరుగుమీద నుంచవలెను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినప్పుడు జిల్లాలో చెట్లు కూలినవి, వంశధారకు వరద వచ్చినది. అట్టి దినమున ఎంత గట్టి దొడ్డియు చాలదు. ఇద్దరు మోసి ఇంటిలోనికి తేగల పెట్టె ముందే సిద్ధముగా నుండవలెను.

శివక్షేత్రమున మరియొక జాగ్రత్తయు కావలెను. శివపూజకు ప్రియములైన గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు మొక్కలు కుందేటికి విషములు. వీని కొమ్మ దొడ్డిమీదికి వంగినను, ఆకు రాలి లోపల పడినను ప్రమాదమే. కావున స్థలమును ఎన్నుకొనునప్పుడు చుట్టునున్న మొక్కలనుగూడ పరికింపవలెను.

బొరియ పోయినదానికి బదులుగా రెండు ద్వారములు గల చీకటిపెట్టె నొకదానిని లోపల నుంచవలెను. కుక్క లోనికి రాకున్నను దాని మొరుగుడుకే బెదరి కుందేలు ప్రాణము విడుచుట కలదు. దాగు చోటున్నచో ఆ బెదురు తగ్గును. ఒంటరి కుందేలు దిగులుపడును గనుక జంటగా పెంచుట మేలు. కాని ఆడుమగలను కలిపి యుంచినచో నెల దినములకే పిల్లలు పుట్టును. రెండింటికి కట్టిన దొడ్డి పదింటికి చెరసాల యగును. ఈ విషయమున పశువైద్యుని సలహా ముందే పొందవలెను.

ఇన్ని చేసినను దొడ్డి మంచిదో కాదో నిర్ణయించువాడు కట్టినవాడు కాడు, చూడవచ్చిన పొరుగువాడును కాడు. భయపడిన కుందేలు కాళ్లు ముడుచుకొని, చెవులు నిక్కించి, కదలక కూర్చుండును. భయము తీరిన కుందేలు ప్రక్కకు ఒరిగి, కాళ్లు బారచాచి, కన్నులు అరమూసి పండుకొనును. పారిపోవు దారి లేనిచోట ఒక ప్రాణి అట్లు నిద్రింపగలిగినచో, దానిని తెచ్చినవాడు తన ఋణమును తీర్చుకొన్నట్లే.