ఎవరి ఆరోగ్యం కోసం?

2018లో ఒక సదస్సు కోసం నేను నైరోబీ వెళ్లాల్సి వచ్చింది. కెన్యా వెళ్లి తిరిగొచ్చేవాళ్ల దగ్గర ఎల్లో ఫీవర్ టీకా కార్డు లేకపోతే మన దేశంలో దిగగానే ఆరు రోజుల వరకూ క్వారంటైన్‌లో పెడతారు. ఆ టీకా మా అనంతపురంలో వెయ్యరు. హైదరాబాదు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌కి వెళ్లాలి.

సంగతి తెలిసి, ఒకప్పుడు మా ఇంట్లో పనిచేసిన ఆమె ఫోన్ చేసింది. "అక్కా, నేను గూడా ఆ పొద్దే హైదరాబాదుకు పోవల్ల. కువైట్‌కి మెడికల్. నీతో పాటే వస్తా" అంది.

ఆమెది కదిరి దగ్గర పల్లె. అప్పట్లో అది అనంతపురం జిల్లాలోనే ఉండేది, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా అయింది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగా పడని నేల మాది. ఆ పడేదైనా వేరుశనగ ఊడ దిగే రోజుల్లో పడదు. వాళ్లు మూడు బోర్లు వేశారు. మూడూ దుమ్ము లేపాయి. మిగిలింది అప్పు. మా రాయలసీమ ఆడవాళ్లకు అప్పు తీర్చే దారి చాలా ఏళ్లుగా కువైట్ ఇళ్లలో పనే. పదో తరగతి దాటని ఆడవాళ్లు ఇంటిపనికి వెళ్లాలంటే ముప్పై నిండాలని నిబంధన. ఆమెకు ముప్పై నాలుగు.

రాత్రి కాచిగూడ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఇద్దరం విదేశీ ప్రయాణం కోసమే వెళ్తున్నాం. ఇద్దరి చేతిలోనూ పాస్‌పోర్టు ఉంది. ఇద్దరికీ సూది గుచ్చుతారు. తేడా ఏముందిలే అనుకున్నాను.

నారాయణగూడలో నా వంతు వచ్చినప్పుడు డాక్టరమ్మ కూర్చోబెట్టి అడిగింది. గుడ్డు పడదా? ఏం మందులు వాడుతున్నారు? గర్భం వచ్చే అవకాశం ఉందా? ఆ ఆఖరి ప్రశ్నకి నవ్వాను. ఆమె నవ్వలేదు. ఇది బతికున్న, బలహీనపరిచిన వైరస్‌తో చేసిన టీకా, గర్భిణులకు మామూలుగా వెయ్యం, అందుకే అడుగుతున్నాను అని వివరించింది. ఆ జ్వరం మోసే దోమ మన దగ్గరా ఉంది, వైరస్ మాత్రం ఇంకా రాలేదు, అది మనతో పాటు రాకూడదనే ఈ జాగ్రత్త అని కూడా చెప్పింది. పసుపు కార్డు చేతిలో పెట్టి, పది రోజుల తర్వాత చెల్లుతుందని గుర్తు చేసింది. 2016కు ముందు పదేళ్లకోసారి మళ్లీ వేయించుకోవాల్సి వచ్చేది, ఇప్పుడు ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చాలు.

సాయంత్రం ఆమెను కలిశాను. గల్ఫ్ మెడికల్ చేసే ఒక కేంద్రంలో పొద్దుటినుంచీ నిలబడి ఉంది. రక్తం తీశారు, మూత్రం తీసుకున్నారు, ఛాతీ ఎక్స్‌రే తీశారు. ఎందుకని ఎవరూ చెప్పలేదు. "నెల తప్పినావా అని ఊరికే అడిగిరక్కా, అందరి ముందర" అంది. నన్నూ అదే ప్రశ్న అడిగారు. కానీ నన్ను అడిగింది టీకా నాకు హాని చేయకూడదని. ఆమెను అడిగింది వెనక్కి పంపడానికి. గర్భం ఉంటే అన్‌ఫిట్. హెచ్‌ఐవి, హెపటైటిస్ బి, సి ఏది ఉన్నా అన్‌ఫిట్.

నాలుగో రోజు ఫలితం వచ్చింది. ఆమెకు కాదు, ఏజెంటుకి. అన్‌ఫిట్. ఛాతీలో మచ్చ.

ఆ మచ్చ గురించి నాకు తెలుసు. 2008లో ఆమెకు క్షయ వచ్చింది. ప్రభుత్వ ఆస్పత్రి మాత్రలు వారానికి మూడుసార్లు, ఆరు నెలలు మింగింది. మధ్యలో మానేస్తానంటే వెంటపడి మింగించింది నేనే. జబ్బు పూర్తిగా నయమైంది. ఇప్పుడు ఎవరికీ అంటదు. కానీ గల్ఫ్ మెడికల్‌లో పాత మచ్చ కనిపించినా చాలు, దారి మూసేస్తారు.

"టీబీ వాసి అయ్యి పదేండ్లాయె గదక్కా" అని చాలాసేపు ఏడ్చింది. తర్వాత అన్న మాట నేనింకా మరచిపోలేదు. "నీకు సూదేసి పంపిస్తారు. నాకు సూదితో రగతం తీసుకొని వాపసు పంపించిరి."

తర్వాత నైరోబీలో నేను చదివిన పేపరు వలస స్త్రీల శ్రమ గురించి. అందులో ఈ మాట లేదు. ఉండాల్సింది.

వలసపోయే శరీరాన్ని తనిఖీ చేయడం కొత్తేమీ కాదు. 1860లో మద్రాసు రేవు నుంచి నేటాల్ చెరుకు తోటలకి మనవాళ్లని ఓడ ఎక్కించినప్పుడూ పనికొస్తారా లేదా అని వైద్యుడు చూశాకే పంపారు. ఆ కాలపు 'ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్' పదవి అదే పేరుతో ఈరోజుకీ ఉంది. పెళ్లి కోసం వచ్చిన భారతీయ స్త్రీకి లండన్ హీత్రో విమానాశ్రయంలో కన్యత్వ పరీక్ష చేసిన సంగతి 1979లో బయటపడింది. ఆడవాళ్లు సరిహద్దు దాటాలంటే ఒళ్లు విప్పి రుజువు చూపాల్సిందే. ఏ మేరకు విప్పాలన్నది మాత్రం మన వర్గాన్ని బట్టి ఉంటుంది.

పరీక్షలు వద్దని నేననడం లేదు. అవి ఎవరి ఆరోగ్యం కోసం అని అడుగుతున్నాను. హెపటైటిస్ బి ఉందేమోనని రక్తం తీస్తారు కదా, లేదని తేలినవాళ్లకి టీకా ఎందుకు వెయ్యరు? మూడు డోసులు, ఆరు నెలల్లో పూర్తవుతాయి. పరాయి దేశంలో ముసలివాళ్లనీ జబ్బుపడ్డవాళ్లనీ కడిగి, తుడిచి, ఎత్తి పడుకోబెట్టే చేతులకు అది అవసరం కాదా? ఉందని తేలినవాళ్లకి, ఏజెంటు కంటే ముందు వాళ్లకే, చాటుగా, వాళ్ల భాషలో చెప్పి ఫలానా ఆస్పత్రికి వెళ్లమనొద్దా? 'అన్‌ఫిట్' అని ఒక్క మాట రాసి పంపితే అప్పు ఆగదు. అప్పు ఆగనప్పుడు, విజిట్ వీసా మీద పంపిస్తామనే మరో ఏజెంటు తలుపు తడతాడు. అలా వెళ్లినవాళ్లకి ఒప్పందమూ ఉండదు, కష్టమొస్తే చెప్పుకునే చోటూ ఉండదు.

ఆమె ఆ దారిన వెళ్లలేదు. మొగుడితో కలిసి బెంగళూరు వెళ్లి, కట్టే బిల్డింగుల దగ్గర ఇటుకలు మోసింది. బెంగళూరుకి ఫిట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. ఆ దుమ్ము ఆమె ఊపిరితిత్తుల్ని ఏం చేస్తుందో చూడటానికి ఎవరూ ఎక్స్‌రే తియ్యరు.

2021లో అక్కడే కోవిడ్ టీకా వేయించుకుని ఫోన్ చేసింది. చెయ్యి నొప్పిగా ఉందంది, జ్వరం వచ్చిందంది. అయినా గొంతులో సంతోషం.

"ఈ తూరి సూది నా కోసరమే వేసిరక్కా. రగతం తీసుకోలే."