పాతికేళ్ళ మనిషికి పట్టే చలి

నాన్నకి అరవై తొమ్మిదేళ్ళు. పన్నెండేళ్ళుగా షుగర్. పోయిన నవంబర్లో ఒక రాత్రి రొట్టె తుంచుకుంటూ, “ఉట్నూరు అడివిల ఒక్క రాత్రి పండుకోవాలెరా” అన్నాడు. మా ఇంట్లో కోరికలు ఇలాగే, కూరలో ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా బయటికొస్తాయి. అందుకే మొదట పట్టించుకోలేదు. వారం తర్వాత మళ్ళీ అన్నాడు.

ఆ కోరిక వెనక 1965 ఉంది. తాత లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్. అక్కడి ఆంగ్లో ఇండియన్ ఫోర్‌మన్లు కొందరు క్రిస్మస్ సెలవుల్లో లైసెన్సు తీసుకుని ఆదిలాబాద్ అడవులకి షికారుకి పోయేవాళ్ళు. తాత ఎన్నడూ తుపాకీ ముట్టలేదు. వంట చేయడానికి వెళ్ళేవాడు. ఆ ఏడు పదేళ్ళ నాన్నని కూడా తీసుకుపోయాడు, నీళ్ళు మోయడానికి, పుల్లలు ఏరడానికి.

ఆ షికారు ఇప్పుడు లేదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, 1991 సవరణతో మిగిలిన లైసెన్సుల దారి కూడా మూసుకుపోయింది. ఆ అడవుల్లో చాలా భాగం 2012 నుంచి కవ్వాల్ టైగర్ రిజర్వు. లోపల డేరా వేసుకుని పడుకుంటామంటే ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. నాన్నతో పాటు పనిచేసి రిటైరైన ఒకాయనకి ఉట్నూరు దగ్గర, రిజర్వు బయట, చేను ఉంది. అడవిపందులు రాకుండా రాత్రిళ్ళు మంచె మీద కాపలా కాస్తారు. “మంచె కింద పండుకోండి, ఎవరొద్దంటరు?” అన్నాడాయన. జనవరిలో ఒక శనివారం అనుకున్నాం.

జనవరిలో అక్కడి చలి సికింద్రాబాద్ చలి కాదు. మనకి పద్నాలుగు డిగ్రీలకే మంకీ క్యాపులు బయటికొస్తాయి. సిర్పూర్ (యు), గిన్నెధరి, అర్లి (టి) పేర్లు పేపర్లో కనబడే రోజుల్లో అక్కడ ఐదారు డిగ్రీలకి కూడా పడిపోతుంది. కాబట్టి స్లీపింగ్ బ్యాగు కొనాలి. ఏడాదికి ఒక రాత్రి వాడే వస్తువు మీద పదిహేను వేలు పెట్టే స్తోమత, ఉద్దేశం రెండూ లేవు. బడ్జెట్ నాలుగు వేలు. నా వృత్తి జబ్బు కొద్దీ ఒక ఎక్సెల్ షీటు తెరిచాను. “బొంత కొననీకి గింత లెక్కనా?” అన్నాడు నాన్న.

మొదట ఆన్‌లైన్లో పద్నాలుగు వందలది తెప్పించాను. మీద పెద్ద అక్షరాలతో “మైనస్ 5” అని ఉంది. లోపల కుట్టిన చిన్న పట్టీ మీద మూడు అంకెలు: కంఫర్ట్ 10, లిమిట్ 6, ఎక్స్‌ట్రీమ్ మైనస్ 5. నేను అప్పుడప్పుడూ పుస్తకాల మీద రాస్తుంటాను కాబట్టి అట్ట వెనక పొగడ్తకీ లోపలి సరుక్కీ ఉండే దూరం తెలిసినవాణ్ణే. అయినా మోసపోయాను. ఆ మూడు అంకెలకి అర్థమేంటో అప్పుడు వెతికాను.

2002లో యూరప్ వాళ్ళు ఇఎన్ 13537 అని ఒక ప్రమాణం పెట్టారు. తర్వాత అది ఐఎస్ఓ 23537గా మారింది. వేడి పుట్టించే తీగలున్న మనిషి బొమ్మని సంచిలో పడుకోబెట్టి, చల్లటి గదిలో, ఎంత వేడి బయటికి పోతోందో కొలుస్తారు. దాన్నిబట్టి లెక్క వేస్తారు. కంఫర్ట్ అంటే ఒక సగటు ఆడమనిషి హాయిగా పడుకోగల చలి. లిమిట్ అంటే ఒక సగటు మగవాడు ముడుచుకుని ఎనిమిది గంటలు లేవకుండా గడపగల చలి. ఎక్స్‌ట్రీమ్ అంటే ఆ సగటు ఆడమనిషి ఆరు గంటలపాటు చనిపోకుండా ఉండగల చలి. వేళ్ళకి మంచుదెబ్బ తగలదని మాత్రం హామీ లేదు. నా సంచి మీద పెద్ద అక్షరాల్లో వేసింది ఈ మూడోదే. చనిపోకపోవడాన్ని నిద్ర కింద అమ్ముతున్నారన్నమాట.

వాపసు పంపేశాను. కానీ ఆ ప్రమాణంలో ఇంకొక మాట నన్ను ఆపింది. ఆ సగటు మనుషులిద్దరి వయసూ పాతికేళ్ళు.

నాన్న పాదాలు పాతికేళ్ళవి కావు. రెండేళ్ళ క్రితం డాక్టర్ సన్నటి నైలాన్ దారం ముక్కతో అరికాళ్ళ మీద పొడుస్తూ “తెలుస్తోందా?” అని అడిగాడు. కళ్ళు మూసుకున్న నాన్న చాలాచోట్ల ఏమీ అనలేదు. దారం తగలడమే తెలీలేదు. చలి తెలియకపోతే చలి లేనట్టు కాదు. కాళ్ళ నుంచి పైకి కబురు రావడం లేదు, అంతే. ఈసారి అడిగితే డాక్టర్ వెళ్ళొద్దనలేదు. కొన్ని మాటలు గట్టిగా చెప్పాడు: వదులుగా ఉండే ఉన్ని మేజోళ్ళు వేయండి, మంటకి కాళ్ళు చాపనివ్వకండి, వేడినీళ్ళ సీసా పాదాల దగ్గర పెట్టకండి, కాలినా తెలీదు, పొద్దున్నే రెండు పాదాలూ చూడండి.

దాంతో నా షీటులో సగం గడులు పనికిరాకుండా పోయాయి. బరువు అక్కర్లేదు, రైల్లో వెళ్ళి జీపు ఎక్కేవాళ్ళకి కిలో ఎక్కువైతే ఏం? బాతు ఈకలది తేలిక, వెచ్చన, కానీ ధర మా బడ్జెట్‌కి అందదు. పైగా తడిస్తే ముద్దయిపోతుంది. తెల్లవారుజామున చేలో మంచు ఎలా కురుస్తుందో తెలిసిందే. పాలియెస్టర్ దూదిది చాలు. కంఫర్ట్ అంకె అక్కడి చలికి తక్కువలో ఉండాలి. పాదాల దగ్గర కాస్త వెడల్పుండాలి, మేజోళ్ళు బిగుసుకోకుండా. జిప్పు కింది దాకా తెరుచుకోవాలి, రాత్రి రెండుసార్లు లేస్తాడు కాబట్టి. ప్యారడైజ్ దాటి ఒక దుకాణానికి నాన్ననే తీసుకెళ్ళి, నేలమీద పడుకోబెట్టి, లోపలికి దూరి బయటికి రమ్మన్నాను. సేల్స్ కుర్రాడు నవ్వాడు. కంఫర్ట్ 5, లిమిట్ 0 ఉన్నది మూడు వేల రెండు వందలకి దొరికింది.

డిసెంబర్లో మా డాబా మీద పరీక్ష పెట్టాను. ముందు నేనే పడుకున్నాను. పదమూడు డిగ్రీలు. పైన వెచ్చగానే ఉంది, నాలుగు గంటలకి వీపు మంచుగడ్డ అయింది. చలిని ఆపేది దూది కాదు, దూదిలో చిక్కుకున్న గాలి. మనం పడుకున్నచోట ఒంటి బరువుకి అది అణిగిపోతుంది, గాలి పోతుంది, మిగిలేది ఒక గుడ్డ పొర. కింద వేసుకునే చాపకి వేరే లెక్క ఉంది, ఆర్ విలువ అంటారు. ఎంత ఎక్కువైతే నేల అంత తక్కువ వేడి లాక్కుంటుంది. మంచి చాప ధర చూస్తే సంచి కంటే ఎక్కువుంది. మూడు వందల యాభైకి ఒక ఫోమ్ చాప కొన్నాను. సరిపోతుందన్న నమ్మకం లేదు.

నాన్న లోపలికి పోయి ట్రంకు పెట్టె అడుగు నుంచి తాత గొంగడి తీసుకొచ్చాడు. దక్కనీ గొర్రెల నల్ల ఉన్నితో కురుమలు నేసింది. గరుకు, బరువు, నాఫ్తలీన్ వాసన. “మీద కప్పుకుంటే గుచ్చుకుంటది. కిందెయ్యి” అన్నాడు. ఉన్ని నార బిరుసు, పాలియెస్టర్ దూదిలా ఒంటి బరువుకి పూర్తిగా అణగదు. మర్నాడు రాత్రి ఫోమ్ చాప మీద గొంగడి, దానిమీద సంచి. తెల్లారిందాకా లేవలేదు.

శుక్రవారం రాత్రి కృష్ణా ఎక్స్‌ప్రెస్ ఎక్కి పొద్దున్నే ఆదిలాబాద్‌లో దిగాం. మధ్యాహ్నమంతా నాన్న ఆ పాత చోటు కోసం వెతికాడు. వాగు ఒడ్డు, ఒక పెద్ద ఇప్పచెట్టు, దాని కింద మూడు డేరాలు. వాగులు నాలుగు దొరికాయి, ఇప్పచెట్లు లెక్కలేనన్ని. చివరికి చేనుకి వచ్చి, “గిదే అనుకుందాం తీ” అన్నాడు.

రాత్రి మంట దగ్గర కాళ్ళు వెనక్కి పెట్టుకుని కూర్చున్నాడు. నేను వేట పుస్తకాలు కొన్ని చదివాను. వాటిలో తుపాకుల వివరాలు బాగా ఉంటాయి. జిమ్ కార్బెట్ .275 రిగ్బీ రైఫిల్ గురించి పుస్తకాల పిచ్చివాళ్ళందరికీ తెలుసు. కూలీల పేర్లు, గ్రామస్తుల పేర్లు చెప్పడంలో కార్బెట్ చాలా నయం. మిగతావాళ్ళలో ఎక్కువమందికి మంట తనంతట తనే మండుతుంది, అన్నం తనంతట తనే ఉడుకుతుంది. ఆ మంట వేసినవాళ్ళ కొడుకు ఇప్పుడు నాకు ఎదురుగా ఉన్నాడు.

“దొరలకి మడత మంచాలుండె. కాన్వాసువి. మీద నాలుగేసి రగ్గులు. అయినా అద్దరాత్రి ఒకాయన వణుక్కుంట వచ్చి మంట కాడ కూసున్నడు. నేను గడ్డి మీద గొంగడి ఏసుకోని పండుకున్న, నాకు చలే లేదు. గప్పుడు సమజ్ కాలే, దొరకెందుకు చలైందో.”

“మంచం కింద గాలి ఆడుతుంది కదా నాన్నా. కాన్వాసు ఒక్కటే అడ్డం.”

“ఇప్పుడెరికైంది” అన్నాడు. కాసేపు ఆగి, “మా నాయినకి ఎప్పుడూ నైట్ డ్యూటీనే. పొద్దున పండుకుంటె మేం చప్పుడు చెయ్యద్దు. రాత్రంతా మా నాయిన పక్కన ఉన్నది ఆ నాలుగు రాత్రులే. ఎప్పుడు కండ్లు తెరిచినా కూసోనే ఉండె, మంటల పుల్లలు ఏస్కుంట” అన్నాడు.

ఈ మాట నేను పుట్టాక ముప్పై ఆరేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు. సంచి గురించి మాత్రం మూడు వారాలు పరిశోధించాను.

చేను ఆయన ఎండుగడ్డి మోపు తెచ్చి పరిచాడు. దానిమీద ఫోమ్ చాప, గొంగడి, సంచి. తాను మాత్రం ఒక దుప్పటి చుట్టుకుని మంచె ఎక్కాడు. రాత్రంతా ఉండుండి డబ్బా మోగిస్తూనే ఉన్నాడు. మూడున్నరకి నా థర్మామీటర్ ఏడు డిగ్రీలు చూపించింది. లేచి, నాన్న సంచి జిప్పు కింది నుంచి కాస్త తెరిచి, మేజోడు జరిపి, చెయ్యి పెట్టి చూశాను. రెండు పాదాలూ వెచ్చగా ఉన్నాయి.

“ఏందిరా?”

నా చెయ్యి కాలికి తగలడం వల్ల మేలుకున్నాడో, జిప్పు చప్పుడుకో తెలీలేదు. “ఏం లేదు, పండుకో” అన్నాను. పడుకోలేదు. ఇద్దరం లేచి మంట ఎగదోశాం.

ఇంటికొచ్చిన నాలుగు రోజులకి, ఎలా ఉందో రివ్యూ రాయమని మెయిల్ వచ్చింది. ఇలా రాశాను: “69 ఏళ్ళ మనిషి, షుగర్. బయట ఏడు డిగ్రీలు. కింద గడ్డి, ఫోమ్ చాప, గొంగడి. పాదాలు వెచ్చగా ఉన్నాయి. మీరు వేరే మనిషి అయితే మీ లెక్క మీరు వేసుకోండి.” జిప్పు రెండుసార్లు ఇరుక్కుంది కాబట్టి నాలుగు నక్షత్రాలు ఇచ్చాను.

నాన్న భుజం మీంచి ఫోన్లోకి చూసి, “గొంగట్ల తినుకుంట ఎంటికలు ఏరుతవురా నువ్వు” అన్నాడు.