బూజు గడ్డి దుమ్ము, మన ఊపిరితిత్తులు

వానకు తడిసిన గడ్డివాము విప్పితే లోపల తెల్లగా బూజు, విదిలిస్తే పొగలా దుమ్ము. మనం తుండుగుడ్డ చుట్టుకుని పని కానిచ్చేస్తాం.

పెద్ద దుమ్ము ముక్కులోనే ఆగిపోతుంది. గాలిగొట్టంలోకి దిగినదాన్ని అక్కడి సన్నని నూగు చీపురులా పైకి నెడుతుంది. కళ్లెలో వచ్చేది అదే. ఆ గొట్టం వేళ్లలా చీలుతూ, సన్నబడుతూ పోయి గాలితిత్తుల్లో ఆగుతుంది. అవి 30 కోట్లకు పైనే. గాలి రక్తంలో కలిసేది అక్కడే. అక్కడ మాత్రం చీపురు లేదు. 5 మైక్రాన్లలోపు ఉండే బూజు దుమ్ము తుండుగుడ్డ నేతలోంచి దూరి అక్కడికే చేరుతుంది.

అది పడనివాళ్లకు 4 నుంచి 8 గంటల తర్వాత చలిజ్వరం, పొడిదగ్గు, ఆయాసం వస్తాయి. మా నాయనకు ఏటా గడ్డి పని చేసిన రాత్రే ఇలా వచ్చేది. వైరల్ జ్వరమని మాత్రలు మింగేవాడు. చివరికి ఛాతీ డాక్టరు పని గురించి అడిగితే సంగతి తేలింది. దీన్నే ఫార్మర్స్ లంగ్ అంటారు. ఏళ్ల తరబడి సాగితే ఊపిరితిత్తులు గట్టిపడతాయి, మళ్లీ మామూలవ్వవు.

గడ్డి బాగా ఆరాకే వాము వేయండి. బూజు పట్టినదాన్ని నీళ్లు చల్లి విప్పండి, వీపు గాలివైపు పెట్టి నిలబడండి. ఎన్-95 మాస్కు ముఖానికి అతుక్కునేలా పెట్టుకోండి. జ్వరమొస్తే డాక్టరుకు ముందు గడ్డి సంగతి చెప్పండి.